మన ఎండకు తట్టుకునే డ్యాష్‌క్యామ్ ఏది, మస్టాంగ్‌లో దానిని ఎలా బిగించాలి?

ప్రశ్న – మిర్యాలగూడ మిల్లుబాట

మిత్రులకు నమస్కారం. ఈ మధ్యనే హైదరాబాద్‌లో ఒకరి దగ్గర 2017 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. ఐదు లీటర్ల వీ8 ఇంజను, పొడవాటి బానెట్, నేలకు దగ్గరగా ఉండే సీటు, గట్టి సస్పెన్షన్ ఉన్న బండి. నా ప్రయాణాలు ఎక్కువగా మిర్యాలగూడ నుంచి నల్గొండ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్‌కు, సెలవుల్లో హాలియా మీదుగా నాగార్జునసాగర్‌కు ఉంటాయి. దీనికి డ్యాష్‌క్యామ్ (అద్దానికి అంటించి, ప్రయాణమంతా రోడ్డును రికార్డు చేసే కెమెరా) పెట్టించాలని గట్టిగా అనుకుంటున్నాను.

మా వైపు రోడ్ల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటాయి. వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, మిల్లులకు వడ్లు తెచ్చే లారీలు, ఎదురుదారిలో వచ్చే బైకులు రాత్రి వేళ తరచుగా తగులుతాయి. ఇలాంటి బండి ప్రమాదంలో చిక్కుకుంటే, తప్పు ఎవరిదైనా సరే, చుట్టూ చేరినవారు ముందుగా "స్పోర్ట్స్ కారు కదా, స్పీడుగానే వచ్చి ఉంటాడు" అంటారు. ఆ మాటకు జవాబు చెప్పగలిగే రికార్డు నా దగ్గర ఉండాలన్నది నా కోరిక.

ముప్పై వేల రూపాయల దాకా ఖర్చు పెట్టగలను. చిత్రం మరింత స్పష్టంగా ఉండే 4కె కెమెరా కొనాలా, దానికంటే తక్కువదైన 2కె సరిపోతుందా అన్నది ఒక సందేహం. వెనుక అద్దం బాగా వాలుగా ఉంటుంది కాబట్టి వెనుక కెమెరా వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా అన్నది ఇంకొకటి. బండి కొన్నిసార్లు వారాల తరబడి కదలకుండా మిల్లు షెడ్డులో ఉంటుంది కాబట్టి, బ్యాటరీ దిగిపోకుండా వైరింగ్ ఎలా చేయించాలో కూడా చెప్పండి. ముందు అద్దానికి ఇరుపక్కలా ఉండే స్తంభాల్లో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కాబట్టి ఎవరి చేత పడితే వారి చేత పని చేయించడానికి భయంగా ఉంది.

జవాబు – జడ్చర్ల జంక్షన్

నమస్కారం అన్నగారు. పిక్సెళ్ళ (చిత్రాన్ని ఏర్పరిచే చుక్కల) సంగతి తరువాత చూద్దాం, మొదట తేల్చుకోవలసింది ఎండ సంగతి. మే నెలలో నల్గొండలో 45 డిగ్రీలు చేరడం మనకు కొత్త కాదు. అటువంటి రోజున ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది. మీ బండి ముందు అద్దం మామూలు కార్ల కంటే వాలుగా ఉంటుంది కాబట్టి కెమెరా మీద నేరుగా పడే ఎండ కూడా ఎక్కువే. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా అయితే, ఆ వేడికి బ్యాటరీ ఉబ్బి పైడొప్ప విచ్చుకునే స్థితి వస్తుంది. లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జ్ చేయకూడదన్నది సాధారణ నియమం. మనమేమో మిట్టమధ్యాహ్నం ఎండలోంచి బండి తీసి స్టార్ట్ చేసిన క్షణం నుంచే దానిని ఛార్జ్ చేస్తుంటాం. అందుచేత బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ (కొద్దిపాటి కరెంటును నిలువ ఉంచే, వేడిని బాగా తట్టుకునే భాగం) ఉన్న కెమెరానే కొనండి. కెపాసిటర్‌లో నిలువ ఉండే కరెంటు కొన్ని సెకన్లకే సరిపోతుంది కానీ, కరెంటు తెగినప్పుడు చివరి ఫైలును సరిగా మూసి కార్డులో భద్రపరచడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

ఇక పిక్సెళ్ళు. ఈ కెమెరా కొనడంలో అసలు ఉద్దేశం నంబరు ప్లేటు చదవగలగడం కాబట్టి అక్కడి నుంచే లెక్క వేద్దాం. కారు వెనుక ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు. అది పది మీటర్ల దూరంలో ఉంటే కెమెరాకు దాదాపు 3 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. అడ్డంగా 120 డిగ్రీలు చూసే లెన్సు వెనుక 2560 పిక్సెళ్ళ వెడల్పున్న 2కె చిత్రం ఉంటే ఆ ప్లేటుకు దక్కేవి సుమారు 60 పిక్సెళ్ళు, 3840 పిక్సెళ్ళ 4కె అయితే సుమారు 90. ప్లేటు మీది పది అక్షరాలకు పంచితే ఒక్కో అక్షరానికి ఆరు, లేదా తొమ్మిది. దూరం ఇరవై మీటర్లయితే ఇది కూడా సగమవుతుంది. బైకు వెనుక ప్లేటు వెడల్పు 200 మిల్లీమీటర్లే కాబట్టి అది ఇంకా దగ్గరికి వస్తే తప్ప చదవడానికి రాదు. పెట్టె మీద 170 డిగ్రీలని గొప్పగా రాసి ఉన్న కెమెరాలో అవే పిక్సెళ్ళు మరింత వెడల్పుకు పంచుకుపోతాయి. రోడ్డు మొత్తం కనిపిస్తుంది, ప్లేటు మాత్రం కనిపించదు. కాబట్టి పెట్టె మీద 140 డిగ్రీల దరిదాపుల్లో రాసి ఉన్నదాన్నే చూడండి. పెట్టె మీది అంకె సాధారణంగా మూల నుంచి మూలకు కొలిచినది, అడ్డంగా చూసే కోణం అంతకంటే తక్కువే ఉంటుంది.

రాత్రి వేళ సమస్య వేరు. వెలుతురు చాలక కెమెరా ప్రతి ఫ్రేముకూ ఎక్కువసేపు కాంతిని పోగుచేసుకోవాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది కాబట్టి, సెకనులో ముప్పయ్యో వంతు కాలంలోనే మీటరుకు దగ్గరగా కదిలిపోతుంది, రోడ్డు పక్కన ఆగి ఉన్న బండి ప్లేటు చెరిగిపోయినట్టు వస్తుంది. ఇక్కడ కాపాడేది కాంతిని చిత్రంగా మార్చే చిప్పు, అంటే సెన్సరు నాణ్యత. సోనీ స్టార్విస్ 2 శ్రేణిలో 4కె కోసం ఐఎంఎక్స్ 678, 2కె కోసం ఐఎంఎక్స్ 675 వాడుతున్నారు. రెండింటిలోనూ పిక్సెల్ కొలత 2 మైక్రోమీటర్లే కాబట్టి, 4కె అయినంత మాత్రాన రాత్రి చిత్రం చీకటిగా వస్తుందన్న పాత అభిప్రాయం ఈ రెంటి విషయంలో నిలవదు. అయినా మీకు నా సలహా, ముందూ వెనుకా రెండు చోట్లా ఐఎంఎక్స్ 675 ఉండే వియోఫో ఏ229 ప్లస్ వంటి కెమెరా. 4కె ప్రాసెసరు ఎక్కువ వేడెక్కుతుంది, పెద్ద ఫైళ్ళు రాస్తుంది, మన వేసవిలో ఆ అదనపు వేడి మంచిది కాదు.

మీరు నేలకు దగ్గరగా కూర్చుంటారు కాబట్టి ఎదురు లారీల హెడ్‌లైట్లు మీ కంటికి ఎంత సూటిగా కొడతాయో కెమెరాకూ దాదాపు అంత సూటిగానే కొడతాయి. అందువల్ల హెచ్‌డీఆర్ (మిరుమిట్లనూ చీకటినీ ఒకే చిత్రంలో సమం చేసే) సౌకర్యం ఉండటం, దానిని రాత్రి వేళ తప్పకుండా పనిచేయించడం ముఖ్యం.

కార్డు విషయంలో పొదుపు చేయవద్దు. ముందు, వెనుక కెమెరాలు కలిపి సెకనుకు 40 మెగాబిట్లు రాస్తాయనుకుంటే గంటకు 18 గిగాబైట్లు అవుతుంది, అంటే 128 జీబీ కార్డులో సుమారు ఏడు గంటల ప్రయాణం మాత్రమే నిలుస్తుంది. ఆ తరువాత పాతది చెరిగిపోతూ కొత్తది పడుతుంది. ఇలా రోజూ రాసి చెరిపే పనికి ఫోన్లలో వాడే మామూలు కార్డు త్వరగా పాడవుతుంది, పైగా పాడైన సంగతి మనకు అవసరం పడిన రోజునే తెలుస్తుంది. హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న వీ30 (రాసే వేగాన్ని తెలిపే గుర్తు) తరగతి కార్డు, వీలైతే 256 జీబీది, నమ్మకమైన దుకాణంలో కొనండి.

జవాబు – నల్గొండ క్లాక్‌టవర్

నేను కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. కెమెరా ఎంపిక గురించి జడ్చర్ల మిత్రులు చెప్పింది బాగుంది కాబట్టి, నేను బిగింపు గురించే వివరంగా రాస్తాను.

మొదట స్థలం. కెమెరా లోపలి అద్దం వెనుక, ప్రయాణికుడి వైపుకు కాస్త జరిగి, వైపర్ తుడిచే మేరలోనే ఉండాలి. వైపర్ తుడవని మూలలో పెడితే వానాకాలంలో రికార్డయ్యేది నీటి చుక్కలే. వాన సెన్సరు దగ్గరికి కానీ, బండిలో అసలు నుంచే ఉన్న కెమెరా ముందుకు కానీ రానివ్వకూడదు. పై అంచున ఉండే నల్ల చుక్కల పట్టీ మీద టేపు సరిగా అంటదు కాబట్టి సాఫీగా ఉన్న గాజు మీదే అంటించాలి. టేపు గురించి ఒక మాట చెప్పాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాజు తుడిచి, ఉదయం చల్లటి వేళలో అంటించి, గట్టిగా నొక్కి, ఒక రోజంతా కెమెరా తగిలించకుండా వదిలేయండి. ఈ రకం టేపుకు పూర్తి పట్టు రావడానికి 72 గంటల దాకా పడుతుంది. ఎండలో మండుతున్న గాజు మీద అప్పటికప్పుడు అంటించి కెమెరా వేలాడదీస్తే అది ఊడి పడటం ఖాయం.

లెన్సును పైకీ కిందికీ తిప్పే వీలు ఎంత ఉందో కొనేముందే చూసుకోండి. మీ అద్దం వాలు వల్ల కొన్ని కెమెరాల లెన్సు ఆకాశం వైపే చూస్తుంది. క్షితిజరేఖ చిత్రం మధ్యకు రావాలి, బానెట్ కింది భాగంలో కొంచెమే కనిపించాలి. మస్టాంగ్ బానెట్ పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. అది చిత్రంలో ఎక్కువ స్థలం ఆక్రమిస్తే దాని మీద మెరిసే ఎండను చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, రోడ్డు నల్లబడుతుంది.

ఇక వైరు. వైరు పైకప్పు లైనింగ్ అంచులోకి దోపి, పక్క స్తంభం గుండా కిందికి దించాలి. ప్రమాదంలో పక్క అద్దాలకు అడ్డుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఆ అంచు వెంబడే మడిచి ఉంటుంది. వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగుకు వెనుక, అంటే బండి రేకు వైపు నుంచి పోవాలి తప్ప, దాని ముందుగా అడ్డం పడకూడదు. అడ్డంగా ఉంటే ఎయిర్‌బ్యాగు విచ్చుకునే క్షణంలో ఆ వైరు దానికి ఆటంకమవుతుంది, లేదా వైరుతో పాటు కెమెరా కూడా విసురుగా మీ మీదికి వస్తుంది. స్తంభం మీది ప్లాస్టిక్ తొడుగు తీసే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని ముట్టనే కూడదు. తొడుగును పట్టి ఉంచే క్లిప్పులు కొన్ని బండ్లలో ఒకసారికే పనికివచ్చే రకం. విరిగితే పాతదాన్నే మళ్ళీ నొక్కి పెట్టే మెకానిక్‌కు పని అప్పగించకండి, ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఆ తొడుగే ఎగిరి తగులుతుంది. ఇంకొకటి, మీ తలుపు అద్దాలకు ఫ్రేము లేదు. తలుపు తీసినప్పుడు అద్దం కాస్త దిగి, వేసినప్పుడు మళ్ళీ ఎక్కుతుంది. బ్యాటరీ విప్పి పెట్టిన తరువాత ఆ అద్దాలకు పై హద్దు, కింది హద్దు మళ్ళీ నేర్పించవలసి రావచ్చు. ఆ విధానం యజమాని పుస్తకంలో ఉంటుంది, భయపడకండి. ఆ అద్దం తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మీద గట్టిగా కూర్చుంటుంది కాబట్టి బీడింగ్ కింద మాత్రం ఎక్కడా వైరు దోపనివ్వకండి.

కరెంటు కోసం హార్డ్‌వైర్ కిట్ (కెమెరాను నేరుగా బండి ఫ్యూజు పెట్టెకు కలిపే వైర్ల సెట్టు) వాడాలి. సాధారణంగా అందులో మూడు వైర్లు ఉంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఎర్రది తాళం తిప్పినప్పుడు లేదా స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజుకు, నల్లది బాడీ ఎర్త్‌కు. ఏ వైరునూ కోసి అతికించవలసిన అవసరం లేదు, ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న ముక్కతో పని జరుగుతుంది. ఫ్యూజులు మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో 2 అని రకరకాలుగా ఉంటాయి కాబట్టి సరిగ్గా మీ పెట్టెలోని రకానికే ట్యాప్ తెచ్చుకోవాలి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను కంట్రోల్ ఫ్యూజుల జోలికి పోకూడదు. సీటు హీటరు, పవర్ సాకెట్ వంటివి ఎంచుకోవాలి. ఏ ఫ్యూజులో ఎప్పుడు కరెంటు ఉందో మల్టీమీటరుతో చూడాలి. మన షాపుల్లో వాడే పాత బల్బు టెస్టింగ్ ల్యాంపు తాను కూడా కరెంటు లాగుతుంది, సున్నితమైన కంట్రోల్ లైన్ల మీద దానిని వాడితే నష్టం జరుగుతుంది. బండి ఆపిన తరువాత కూడా కొంతసేపు కొన్ని ఫ్యూజుల్లో కరెంటు నిలిచి ఉంటుంది. తలుపు తెరిచి, మూసి, లాక్ చేసి, కాస్త ఆగి మళ్ళీ కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

నల్ల వైరును నేరుగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కు బిగించవద్దు. ఆ టెర్మినల్ దగ్గర బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోంది అని లెక్క పెట్టే సెన్సరు ఉంటుంది. దానిని దాటవేసి కలిపితే కెమెరా తీసుకునే కరెంటు లెక్కలోకి రాదు, బండి తన బ్యాటరీ నిండుగా ఉందనే భ్రమలో ఉంటుంది. రంగు లేని చోట రేకుకు బిగించిన బోల్టు ఎర్త్‌గా సరిపోతుంది.

వెనుక కెమెరా తప్పకుండా పెట్టించండి. మస్టాంగ్‌లో వెనుక అద్దం స్థిరంగా ఉంటుంది, డిక్కీ మూత మాత్రమే లేస్తుంది కాబట్టి వైరు మాటిమాటికీ వంగి తెగే ప్రమాదం లేదు. కెమెరాను అద్దం పై అంచున, మధ్యలో, డీఫాగర్ గీతలకు (అద్దం మీది మంచును పోగొట్టడానికి వేడెక్కే సన్నని గీతలకు) తగలకుండా అంటించాలి.

ప్రశ్నకర్త – మిర్యాలగూడ మిల్లుబాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రెండు విషయాలు ఇంకా అడగాలి. మా డ్యాష్‌బోర్డు ప్రతిబింబం మధ్యాహ్నం అద్దంలో నాకే కనిపిస్తుంది, కెమెరాలో ఇంకెంత కనిపిస్తుందో. దానికి లెన్సు ముందు పెట్టి ప్రతిబింబాలను తగ్గించే పోలరైజింగ్ ఫిల్టరు కొనమంటున్నారు. బండి నిలిపి ఉన్నప్పుడు రికార్డు చేసే పార్కింగ్ మోడ్ కూడా నాకు ఆకర్షణీయంగానే ఉంది. మిల్లు ఆవరణలో లారీలు వెనక్కి తీసేటప్పుడు ఎప్పుడు ఏది తగులుతుందో తెలియదు.

జవాబు – వనపర్తి వాహని

జడ్చర్ల మిత్రులతో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. పగలు 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు వైపు తిరిగే నాకు, పక్క వరుసలో దూసుకుపోయిన బండి ప్లేటు దొరకాలంటే అక్షరానికి ఆ తొమ్మిది పిక్సెళ్ళూ కావాలి. ముందు 4కె, వెనుక 2కె ఉన్న కెమెరా కొని, పార్కింగ్‌లో దానిని ఆపేసి ఉంచితే వేడి సమస్య చాలావరకు తగ్గుతుంది. కెమెరా ఎక్కువ వేడెక్కేది బండి నడుస్తూ ఏసీ గాలి అద్దానికి తగులుతున్నప్పుడు కాదు, మూసి ఉన్న కారులో ఎండకు మాడుతూ పనిచేసేటప్పుడు.

పార్కింగ్ మోడ్ గురించి లెక్క చూడండి. కెమెరా ఆ స్థితిలో 0.3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 7 ఆంపియర్ గంటలు దాటుతుంది. 70 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగం వాడుకోవచ్చనుకున్నా ఐదు రోజులు నిలవదు, ఎందుకంటే బండి కూడా నిద్రలో తన వంతు కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. కిట్‌లో వోల్టేజీ పడిపోతే కెమెరాను ఆపేసే అమరిక ఉంటుంది. 12.0, 12.2, 12.4 వోల్టులని ఎంచుకునే వీలుంటే మీరు 12.4 పెట్టండి, ఎందుకంటే 12.2 వద్దకు వచ్చేసరికే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు సగం ఖాళీ అయి ఉంటుంది. వారాల తరబడి కదలని బండికి ఇది కూడా చాలదు. మిల్లు షెడ్డులో ఉన్నప్పుడు పార్కింగ్ మోడ్ పూర్తిగా ఆపి, బ్యాటరీకి ట్రికిల్ ఛార్జరు (కొద్దికొద్దిగా ఛార్జ్ చేస్తూ బ్యాటరీని నిండుగా ఉంచేది) తగిలించి ఉంచండి. లారీల భయానికి షెడ్డుకు ఒక సీసీ కెమెరా పెట్టించుకోవడమే సరైన పరిష్కారం. కారు కెమెరా పార్కింగ్ మోడ్‌ను హైదరాబాద్‌లో ఏ మాల్ దగ్గరో నాలుగైదు గంటలు నిలిపినప్పుడు వాడుకోండి.

గట్టి సస్పెన్షన్ ఉన్న బండ్లకు మరో ఇబ్బంది ఉంది, దాని గురించి అమ్మేవారు చెప్పరు. కెమెరాలో కుదుపును గుర్తించే జీ సెన్సరు ఉంటుంది. పెద్ద కుదుపు తగలగానే అది ప్రమాదమని భావించి ఆ ఫైలుకు తాళం వేస్తుంది, తాళం పడిన ఫైలు మామూలుగా చెరిగిపోదు. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల మీద, గుంతల్లో మీ బండి తగిలే ప్రతి దెబ్బనూ అది ప్రమాదంగానే రాసుకుంటుంది. కొన్ని వారాలకు ఆ తాళం ఫైళ్ళకు కేటాయించిన చోటు నిండిపోతుంది, ఇక కొన్ని కెమెరాలు రికార్డే ఆపేస్తాయి, కొన్ని పాత తాళం ఫైళ్ళను చెరిపేస్తాయి. రెండూ నష్టమే. అందుకని జీ సెన్సరు సున్నితత్వాన్ని అతి తక్కువ స్థాయిలో పెట్టి, నిజంగా అవసరమైనప్పుడు కెమెరా మీది బటన్ నొక్కి మీరే తాళం వేయడం మంచిది. నెలకొకసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఫిల్టరు పగలు అద్భుతంగా పనిచేస్తుంది కానీ, వచ్చే కాంతిలో సగానికి పైగా మింగేస్తుంది. రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే అది లెన్సు ముందు ఉండటం మేలు కాదు. చీకటి పడ్డాక తీసి పెట్టుకునే ఓపిక ఉంటేనే కొనండి. అంతకంటే ముందు డ్యాష్‌బోర్డుకు మెరుపునిచ్చే పాలిష్ పూయడం మానేస్తే ప్రతిబింబం సగం తగ్గుతుంది. నల్లటి గుడ్డ తొడుగు వేయాలనుకుంటే ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు మూత మీదికి రాకుండా చూడాలి. మీ మిల్లు పరిసరాల్లో గాలిలో ఉండే ఊక దుమ్ము అద్దం లోపలి వైపు కూడా పొరలా పేరుకుంటుంది. ఎదురు లైట్లు పడినప్పుడు చిత్రమంతా మసకగా రావడానికి చాలాసార్లు కారణం కెమెరా కాదు, ఆ పొరే.

జవాబు – పాలమూరు న్యాయవాది

మీ ప్రశ్నలో నన్ను ఆకర్షించింది రికార్డు అన్న మాట. కెమెరా ఎంత మంచిదైనా, దానిలోని దృశ్యం కోర్టుకు చేరే దారి సరిగా లేకపోతే శ్రమ వృథా అవుతుంది.

ప్రమాదం జరిగితే మొదట చూడవలసింది గాయపడినవారిని. వారికి వైద్యం అందేలా చూడటం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత. ఆ తరువాత వీలైనంత త్వరగా కెమెరా ఆపి కార్డు బయటికి తీయండి. బండి నడుస్తూ ఉంటే కొత్త ఫైళ్ళు పాతవాటి మీద పడతాయి. ఆ కార్డును అలాగే కవరులో పెట్టి భద్రపరచి, కంప్యూటరులో దాని నకలు తీసుకుని, ఇక ఆ నకలుతోనే పనులు చేసుకోండి. వీడియోను వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోయి వేరే ఫైలుగా మారుతుంది. పోలీసులకు కానీ బీమా సంస్థకు కానీ పెన్‌డ్రైవులో అసలు ఫైలు నకలునే ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రంలో రెండు భాగాలుంటాయి: మొదటిది రికార్డు ఎవరి అధీనంలో ఉందో వారు, రెండవది నిపుణుడు నింపి సంతకం చేయాలి. ఫైలు హాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే, దాని వేలిముద్ర వంటి సంకేతం) కూడా అందులో రాయాలి. ఫైలులో ఒక్క సెకను కత్తిరించినా హాష్ మారిపోతుంది. పాత సాక్ష్య చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు, నకలు పెట్టేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని, అసలు పరికరాన్నే యజమాని సాక్షిగా వచ్చి చూపితే ఆ అవసరం లేదని స్పష్టం చేసింది. అసలు కార్డును భద్రపరచమని నేను పదేపదే చెప్పేది అందుకే.

మీ బండి విషయంలో ఇంకొక మాట సూటిగా చెప్పాలి. జీపీఎస్ ఉన్న కెమెరా ప్రతి ఫ్రేము మీదా మీ వేగాన్ని ముద్రిస్తుంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంతకు తక్కువ బోర్డు ఉన్న చోట బోర్డు మీదిదే వర్తిస్తుంది. మీరు 85లో ఉంటే ఆ ముద్ర మీకు అండగా నిలుస్తుంది, 130లో ఉంటే మీకే ఎదురు తిరుగుతుంది. ఆ భయంతో జీపీఎస్ ఆపేయమని సలహా ఇచ్చేవారున్నారు, నేను ఇవ్వను. "స్పీడుగానే వచ్చి ఉంటాడు" అన్న మాటకు జవాబు కావాలని మీరే రాశారు. ఆ జవాబు ఆ అంకెలోనే ఉంది. తేదీ, సమయం జీపీఎస్ ద్వారా సరిచూసుకునేలా పెట్టి, టైమ్ జోన్ ప్లస్ 5:30 అని ఒకసారి నిర్ధారించుకోండి. గడియారం తప్పుగా ఉన్న రికార్డును అవతలి న్యాయవాది సులభంగా ప్రశ్నిస్తారు.

కారులో మాటలు రికార్డు కావడం వల్ల ఉపయోగం తక్కువ, ఇబ్బంది ఎక్కువ. హారన్, బ్రేకు శబ్దాలు సాక్ష్యంగా కావాలనుకుంటే మైకు ఉంచుకోండి కానీ, బండి ఎక్కినవారికి ముందే చెప్పడం మర్యాద.

ప్రశ్నకర్త – మిర్యాలగూడ మిల్లుబాట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు చోట్లా 2కె ఉన్న కెమెరాకే మొగ్గు చూపుతున్నాను, ఎందుకంటే నా ప్రయాణాల్లో సగం రాత్రివే, బండి ఎండలో నిలిపే రోజులూ ఎక్కువే. జీపీఎస్ ఉంచుతాను. షెడ్డులో పార్కింగ్ మోడ్ ఆపి ఛార్జరు పెడతాను. నల్గొండ అన్నగారూ, చివరిగా ఒక్కటి: పాత యజమాని వెనుక అద్దానికి నల్ల ఫిల్మ్ వేయించి ఉన్నాడు. దాని మీదనే కెమెరా అంటించవచ్చా?

జవాబు – నల్గొండ క్లాక్‌టవర్

అంటించవద్దు, మొదట ఆ ఫిల్మ్ తీయించండి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 100వ రూలు ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం కాంతి రావాలి. అంత నల్లటి ఫిల్మ్ వెనుక రాత్రి పూట ఏ సెన్సరూ ప్లేటు చదవలేదు, పైగా టేపు ఫిల్మ్‌ను పట్టుకుంటుందే తప్ప గాజును కాదు కాబట్టి ఎండకు రెండూ కలిసి ఊడివస్తాయి.

తీసే పని తొందరగా చేయించవద్దు. బ్లేడుతో గీకితే డీఫాగర్ గీతలు తెగిపోతాయి, ఆ గీతలు వెనుక అద్దం లోపలి వైపే, ఫిల్మ్ కిందే ఉంటాయి. ఆవిరి పట్టించి, జిగురు మెత్తబడ్డాక, గీతలు సాగిన దిశలోనే నెమ్మదిగా లాగితే సాధారణంగా గీతలకు దెబ్బ తగలకుండా వస్తుంది. మిగిలిన జిగురును గుడ్డతో, సబ్బు నీళ్ళతో తుడిచి, అద్దం పూర్తిగా ఆరనిచ్చి, డీఫాగర్ ఒకసారి వేసి గీతలన్నీ వేడెక్కుతున్నాయో లేదో చేత్తో తాకి చూసుకున్న తరువాతే వెనుక కెమెరా టేపు అంటించండి.